కరకు పాత్ర - మాండలిక వాచికము
(కోట శ్రీనివాసరావు నటనపై ఒక పరిశీలన)

అభినయము ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా నాట్యశాస్త్రమునందు చెప్పబడినది. మన విమర్శకులు చలనచిత్ర నటులను గూర్చి వ్రాయునప్పుడు ఆంగిక సాత్త్వికములను విస్తరించి చెప్పుదురు. ఆహార్యమును గూర్చియు కొంత చెప్పుదురు. వాచికము వద్దకు వచ్చునప్పటికి కంఠము గంభీరమనియు ఉచ్చారణము స్పష్టమనియు రెండు మాటలతో ముగింతురు. భాషను చదువుటయే వృత్తిగా గల మనకు ఇది చాలదు. నటుడు ఏ సీమ తెలుగును పలుకుచున్నాడు? ఆ తెలుగు ఆ పాత్రకు ఏల ఈయబడినది? దానివలన ఆ సీమవారికి కలిగిన గౌరవమెట్టిది, కలిగిన నష్టమెట్టిది? ఇవి సాహిత్య విద్యార్థి వేయదగిన ప్రశ్నలే యని మా యభిప్రాయము. 2025వ సంవత్సరము జూలై 13వ తేదీన హైదరాబాదులో దివంగతులైన కోట శ్రీనివాసరావు నటజీవితమును ఆధారముగా గొని ఈ ప్రశ్నలను పరిశీలింపదలచితిమి.

కోట శ్రీనివాసరావు కృష్ణా జిల్లా కంకిపాడులో 1942వ సంవత్సరము జూలై 10వ తేదీన జన్మించిరి. రంగస్థలమున నటించుచు, బ్యాంకి ఉద్యోగము చేయుచు, 1978లో వెలువడిన ‘ప్రాణం ఖరీదు’ చిత్రముతో తెరకు వచ్చిరి. నాలుగు దశాబ్దములకు మించిన కాలమున ఏడువందలకు పైగా చిత్రములలో నటించిరి. 1999 నుండి 2004 వరకు విజయవాడ తూర్పు నియోజకవర్గమునకు శాసనసభ్యులుగా నుండిరి. 2015లో పద్మశ్రీ పురస్కారమును పొందిరి. ప్రతినాయకుడు, హాస్యపాత్రధారి, తండ్రి, తాత, లోభి, మంత్రి - వారు ధరింపని పాత్ర లేదనవచ్చును. ఐనను జనులు వారిని మొదట తలచుకొనునది కరకు పాత్రలతోడనే. ఆ కరకుదనమునకు తొలి ముద్ర పడినది 1985లో, ‘ప్రతిఘటన’ చిత్రమున, తెలంగాణపు పలుకుబడితో.

కృష్ణాతీరమున పుట్టిన నటుడు తెలంగాణ పలుకుబడితో ప్రసిద్ధికెక్కుట మా పరిశీలనకు మూలమైన సంగతి. దీనిని మేము హైదరాబాదు నుండి గాక కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల వైపు నుండి చూచుచున్నాము. దానికి కారణము గలదు. చిత్రములలో ‘తెలంగాణ యాస’ యని వినబడునది పెక్కు తావుల హైదరాబాదు వీథులలోని ఉర్దూ కలిసిన తెలుగు. మంజీరాతీరపు పల్లెలలో, నిజాంసాగరము కాలువల క్రింద వరియు చెరకును పండించు రైతుల యిండ్లలో వినబడు తెలుగు వేరు. 2016వ సంవత్సరము అక్టోబరులో నిజామాబాదు జిల్లా నుండి వేరుపడి కామారెడ్డి జిల్లా యేర్పడినది. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ అందలి రెవెన్యూ డివిజనులు. దాని పడమటి యంచున మహారాష్ట్రయు కర్ణాటకయు ఉన్నవి. అచ్చటి తెలుగుపై మరాఠీ కన్నడముల గాలి తగులును. రాజధాని పలుకుబడి దానికి అద్దము కానేరదు. భాషాశాస్త్రజ్ఞులు తెలుగును పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలములుగా విభజించి తెలంగాణమును ఉత్తర మండలమని పేర్కొనిరి. ఆ ఒక్క మండలములోనే ఇంత భేదముండగా, తెర దానినంతయు ఒక్క యాసగా, ఆ యాసను ఒక్క స్వభావముగా చేసినది. ఈ రెండవ పనియే మిక్కిలి విచారింపదగినది.

పాత్రనుబట్టి భాషను మార్చుట మన నాటకమునకు క్రొత్త కాదు. ఉత్తమ పాత్రలకు సంస్కృతమును, ఇతరులకు వివిధ ప్రాకృతములను భరతుడే విధించెను. ‘మృచ్ఛకటికము’నందలి శకారుని చూడుడు. అతడు రాజునకు బావమరది. వసంతసేనను వెంటాడినవాడు, తుదకు ఆమె కంఠమును నొక్కినవాడు. అతని భాషయో సకారములన్నియు శకారములైన యొక విపరీతపు ప్రాకృతము. పురాణపురుషుల కథలను తారుమారు చేసి చెప్పును. అతని పలుకు విని ప్రేక్షకుడు నవ్వును. ఆ నవ్వులోనే అతని క్రౌర్యమునకు వెరచును. కరకుదనమును హాస్యమును ఒకే నాలుకపై నిలిపిన ఈ పాత్రసృష్టి ఎంత ప్రాచీనమో గుర్తింపవలెను. ‘దశరూపకము’ ప్రతినాయకునకు లోభమును, ఔద్ధత్యమును, మొండితనమును, పాపకృత్యమును, వ్యసనమును లక్షణములుగా చెప్పినది. ఆ పట్టికలో భాష లేదు. శూద్రకుడు దానిని తన ప్రతిభచే చేర్చెను.

తెలుగున ఈ ప్రశ్న పందొమ్మిదవ శతాబ్ది చివర మరల లేచినది. వేదము వేంకటరాయశాస్త్రిగారు ‘ప్రతాపరుద్రీయము’న (1897) పాత్రోచిత భాషను ప్రయోగించిరి. ఉత్తమ పాత్రలు గ్రాంథికమును, నీచపాత్రలు గ్రామ్యమును పలుకవలెనని వారి మతము. గురజాడ అప్పారావుగారు ‘కన్యాశుల్కము’న వేరు త్రోవ త్రొక్కిరి. అందు మధురవాణి పలుకునదియు, రామప్పపంతులు పలుకునదియు ఆ విజయనగరపు సీమ తెలుగే. వారిలో ఎవరు మంచి, ఎవరు చెడ్డ అనునది వారి యాసవలన తెలియరాదు. వారి మాటలోని తెలివివలన, కపటమువలన, కరుణవలన తెలియును. ఒకరి పద్ధతిలో భాష పాత్రయొక్క అంతస్తును చెప్పును. మరియొకరి పద్ధతిలో భాష అందరికిని నేల వంటిది. ఆ నేలపై ఎవరి నడక వారిది. మన చలనచిత్రము మొదటి పద్ధతినే స్వీకరించి, దానిని మరియొక మెట్టు దిగజార్చినదని మేము తలంచుచున్నాము.

ఆ దిగుటకు ముందు కరకు పాత్ర ఎట్లు మాట్లాడెడిదో కొంచెము స్మరింతము. ‘షావుకారు’ (1950)లో సున్నం రంగడుగా ఎస్.వి. రంగారావు వీథిరౌడీని సృష్టించిరి. ఆ పాత్రయొక్క బెదిరింపు కంఠమునందును నిలువునందును గలదు. ఏదో యొక సీమవాడను ముద్ర దానికి ముఖ్యము కాదు. ‘నర్తనశాల’ (1963)లో వారే కీచకుడైనప్పుడు పౌరాణిక ప్రౌఢవాక్కుతో అదే కరకుదనమును నిలిపిరి. రాజనాల కాళేశ్వరరావు జానపద చిత్రములలో కత్తిపట్టిన ప్రతినాయకుడుగా పలికినదియు ఆ కాలపు తెర యంతటికిని సామాన్యమైన తెలుగే. 1975లో ‘ముత్యాల ముగ్గు’తో మార్పు వచ్చినది. ముళ్లపూడి వెంకటరమణ వ్రాయగా రావు గోపాలరావు పలికిన కంట్రాక్టరు పాత్ర గోదావరి యాసలో కళాపోషణమును గూర్చి ముచ్చటించుచునే హత్యలు చేయింపగలదు. కరకు పాత్రకు నిశ్చితమైన సీమభాష తోడగుట ఇందు స్పష్టముగా కనబడును. ఐనను ఆ యాస గోదావరివారికి మచ్చ కాలేదు. ఏలయన, ఆ చిత్రముననే గాక ఆ కాలపు తెలుగు చిత్రములందెల్ల గోదావరి కృష్ణా సీమల తెలుగు నాయికలకును, తల్లులకును, బడిపంతుళ్లకును ఉండనే యున్నది. దుష్టుడొకడు ఆ యాసను పలికినంత మాత్రమున ఆ యాస దుష్టుని సొత్తు కాజాలదు.

‘ప్రతిఘటన’యందలి పరిస్థితి అట్టిది కాదు. టి. కృష్ణ దర్శకత్వమున వచ్చిన ఈ చిత్రము ఒక అధ్యాపకురాలు గూండాల రాజ్యమును ఎదిరించిన కథ. ఇందు కోట శ్రీనివాసరావు కాశయ్య యను రాజకీయ నాయకుడు. ఈ పాత్రను శకారుని వంశమున చేర్చవలెనని మాకు తోచుచున్నది. కాశయ్య నవ్వించును, నవ్వుచున్నవారి వెన్నులో చలి పుట్టించును. నటుడు ఈ కార్యమును ప్రధానముగా వాచికముతో సాధించెను. మాటను సాగదీయుట, వాక్యము నడుమ ఆగుట, ఆగినప్పుడు ఎదుటివానిని కొలిచినట్లు చూచుట, పిదప మిగిలిన సగమును తేలికగా విడుచుట - బెదిరింపు ఆ విరామమునందు గలదు. బిగ్గరగా అరచు ప్రతినాయకులకు అలవాటుపడిన తెరకు ఈ తాపీదనము క్రొత్త. తెలంగాణ పలుకుబడియందలి సాగుడును తూగును గ్రహించి దానిని అధికారపు దర్పముగా మలచిన నేర్పు ఆ నటునిది. పరసీమ భాషను వెక్కిరింతగా గాక ఒక మనుష్యుని సొంత నాలుకగా పలుకగలుగుట సులభసాధ్యము కాదు. ఆ మేరకు ఈ పాత్ర ఉత్తర మండలపు తెలుగునకు తెరపై ఒక బలమును ఇచ్చినదనుట న్యాయము.

తరువాతి పాత్రలలో ఈ బలము పెరిగినది. రామ్‌గోపాల్ వర్మ దర్శకత్వమున వచ్చిన ‘గాయం’ (1993)లో గురునారాయణ కాశయ్యకు తమ్ముని వంటివాడు. హాస్యము ఇంకను పలుచబడి క్రౌర్యము చిక్కబడినది. ఆ సంవత్సరమే వచ్చిన ‘మనీ’లోని అల్లావుద్దీను హైదరాబాదు ఉర్దూ తెలుగుల కలయికలో పలుకుచు పూర్తిగా నవ్వించును. ఒకే నటుడు ఒకే యేడాదిలో ఇంచుమించు ఒకే సీమ పలుకుబడిని భయమునకును హాస్యమునకును రెండు తీరుల వాడుకొనుట గమనింపదగినది. ఆ నేర్పును మెచ్చుకొనుచునే ఒక ప్రశ్న వేయవలసియున్నది. ఈ పలుకుబడి భయమునకును హాస్యమునకును మాత్రమే ఏల తగినది? ప్రేమకు, దుఃఖమునకు, న్యాయమునకు అది ఏల పనికిరాలేదు?

ఇచ్చట పాత్రోచిత భాష యను సూత్రము తలక్రిందులైనది. పాత్రనుబట్టి భాషను వెదకుట పోయి, భాషనుబట్టి పాత్రను కట్టబెట్టుట వచ్చినది. కోట శ్రీనివాసరావు సాధించిన విజయమును చూచి తరువాతి రచయితలు ఆ పాత్రయందలి మనుష్యుని విడిచి యాసను మాత్రము గ్రహించిరి. సంభాషణలో నాలుగు తావుల ‘గట్ల’, ‘గిట్ల’ యనియు, క్రియల చివర ‘-ండు’ అనియు చేర్చినచో గూండా సిద్ధమాయెను. తెలంగాణోద్యమ కాలమున ఈ విషయమై తీవ్రమైన ఆక్షేపణలు వినవచ్చుట సహజమే.

నష్టమెట్టిదో ఒక్క పదముతో చూపవచ్చును. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలలో ‘బిడ్డా’ యను పిలుపు కన్నవారికిని పెద్దవారికిని నోటనున్న మాట. కొడుకునైనను కూతునైనను, పొరుగింటి పిల్లనైనను, బస్సెక్కబోవు బాటసారినైనను ముసలివారు అట్లే పిలుతురు. ‘పైలం బిడ్డా’ యని సాగనంపుదురు. పైలమనగా జాగ్రత్త. కోపము వచ్చినప్పుడు అదే ‘బిడ్డా’ హెచ్చరిక యగుటయు గలదు. ఒకే మాట లాలనగను గద్దింపుగను ఉండుట సజీవభాషకు శోభ. మన చిత్రములలో చాలకాలము ఆ లాలన వినబడలేదు. గద్దింపు మాత్రము వినబడినది. తెలంగాణ పల్లెల నెరుగని ప్రేక్షకునకు ‘బిడ్డా’ యన్నంతనే కత్తి తలపునకు వచ్చును, తల్లి రాదు. ఇది యొక పదమునకు జరిగిన అన్యాయము. ‘వచ్చిండు’, ‘పోయిండు’ అను రూపములకును అదే గతి పట్టినది. ఆ ‘-ండు’లోని సున్న ప్రాచీన కావ్యభాషయందలి ‘రాముండు’, ‘వాండు’ రూపములను స్ఫురింపజేయును. కావ్యములు చదివిన విద్యార్థి దానిని విని గౌరవింపవలసియుండగా, చిత్రములు చూచిన విద్యార్థి నవ్వుచున్నాడు.

ఈ దోషమును నటునిపై మోపవచ్చునా? మోపరాదనుటకు అతని తక్కిన పాత్రలే సాక్ష్యము. జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్ళంట!’ (1987)లో కోట శ్రీనివాసరావు లోభియగు లక్ష్మీపతి. వార్తాపత్రికను బట్టగా చుట్టుకొనుటయు, వ్రేలాడదీసిన కోడిని చూచుచు వట్టి అన్నమును తినుటయు ప్రేక్షకులు నేటికిని తలచుకొని నవ్వెదరు. లక్ష్మీపతి పలుకు తెలంగాణపుది కాదు. అతని చేత కత్తి లేదు. కాని పైసను విడువని ఆ మొండితనము, ఎదుటివానిని కొలుచు ఆ చూపు, వాక్యము నడుమ ఆ విరామము - ఇవి కాశయ్యయందు చూచినవే. ‘ఆ నలుగురు’ (2004)లోని వడ్డీవ్యాపారి కోటయ్య మొదట కరకువాడు. పరుని మంచితనమునకు కరగును. కరకుదనమెంత నిజమో కరుగుటయు అంత నిజముగా చూపినందున ఆ పాత్ర నిలిచినది. దీనివలన తేలునదేమి? ఈ నటుని కరకుదనము యాసయందు లేదు. కాలమును తన యధీనమున ఉంచుకొనుటయందు గలదు. మాట ఎప్పుడు విడువవలెనో ఎదుటివానికి గాక తనకు మాత్రమే తెలియునను ధీమాయందు గలదు. ఏ యాస యిచ్చినను అతడు దానిని సాధించెను. కావున కరకు పాత్రకు తెలంగాణ పలుకు అవసరమను వాదమునకు ఆ వాదము ఎవరిని చూచి పుట్టినదో ఆ నటుడే ప్రబలమైన ఖండనము.

రాయలసీమ విషయమును జ్ఞాపకము చేసికొన్నచో ఈ మాట మరింత స్పష్టమగును. జయప్రకాశ్‌రెడ్డి ఆ సీమవారు. ‘ప్రేమించుకుందాం రా’ (1997), ‘సమరసింహారెడ్డి’ (1999) చిత్రములలో వారు తమ సీమ పలుకుతోనే కక్షల నాయకుని కరకు పాత్రను ప్రసిద్ధము చేసిరి. వారి పలుకునందు కృత్రిమత లేదు. ఐనను ఫలితమొక్కటే: రాయలసీమ యనగా బాంబులు, సుమోలు అను భ్రమ వ్యాపించినది. కావున నటుడు ఆ సీమవాడా, పరసీమవాడా అను ప్రశ్న ఇందు ప్రధానము కాదు. కథ ఆ సీమ పలుకునకు ఎట్టి మనుష్యుల నిచ్చినది, ఎందరి నిచ్చినది అనునదే ప్రధానము.

మరియొక త్రోవ మొదటినుండియు ఉన్నది. బి. నరసింగరావు నిర్మాణమున గౌతం ఘోష్ తీసిన ‘మాభూమి’ 1980లో, అనగా ‘ప్రతిఘటన’కు అయిదేండ్లు ముందే, విడుదలయైనది. అందు దొరయు తెలంగాణవాడే, దొరను ఎదిరించు రామయ్యయు తెలంగాణవాడే. పీడించువాడును పీడితుడును ఒకే నేల భాష పలుకుటవలన భాష ఎవరికిని కళంకము కాలేదు. గురజాడ పద్ధతి తెరపై ఇట్లు ఫలించినది. వ్యాపార చిత్రము ఆ త్రోవను చాలకాలము త్రొక్కలేదు. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప మార్పు వేగము పుంజుకొన్నది. 2017లో శేఖర్ కమ్ముల తీసిన ‘ఫిదా’కు కథాస్థలము కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ. కథానాయిక భానుమతి తన ఊరి పలుకుతోనే నవ్వును, అలుగును, ప్రేమించును, ఎదిరించును. ఆ పాత్రధారిణి సాయిపల్లవి తమిళనాటివారు. తమ కంఠముతోనే ఆ పాత్రకు మాట యిచ్చిరి. ఆమె తండ్రిగా నటించినవారు సాయిచంద్. ‘మాభూమి’లో రామయ్య వారే. ఒక తరమునకు ముందు దొరను ఎదిరించిన కంఠమే ఇప్పుడు కూతును లాలించుచున్నది. 2023లో వచ్చిన ‘బలగం’ ఒక పల్లె కుటుంబపు చావింటి చుట్టును అలుకలను, పంతములను, ఏడుపును ఆ సీమ పలుకుననే నడిపించినది. అందు కరకు మాటలు పలుకువారు లేకపోలేదు. వారు చుట్టములు, గూండాలు కారు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. శకారుడు మాగధులకు కళంకము కానప్పుడు కాశయ్య తెలంగాణవారికి ఏల కావలెను, కళను కళగా చూడరాదా యని యడుగవచ్చును. శకారుని భాషను నేడు ఇంటిలో పలుకువారు లేరు. కాశయ్య భాషను పలుకు పిల్లలు రేపు తరగతి గదిలో మన యెదుట కూర్చుందురు. ఎల్లారెడ్డి నుండి వచ్చిన విద్యార్థి తన సహజమైన మాటతో లేచి ప్రశ్న వేయునప్పుడు తోటివారు నవ్విన యెడల, ఆ నవ్వు ఎచ్చట నేర్చుకొన్నదో అధ్యాపకుడు ఎరిగియుండవలెను. కళను కళగానే చూడుదము. కాని కళకు వెలుపల దాని ప్రతిధ్వని ఎంతదూరము పోయినదో కొలుచుటయు విమర్శకుని పనియే.

కనుక మా నిర్ణయము ఇది. కోట శ్రీనివాసరావు మన తెరపై వాచికాభినయమును ఉన్నతస్థితికి తెచ్చిన మహానటులలో ఒకరు. పరసీమ పలుకును అంత లోతుగా తమది చేసికొన్నవారు అరుదు. వారి కాశయ్య, గురునారాయణులు తెలుగు ప్రతినాయకుల చరిత్రలో శాశ్వతముగా నిలుతురు. ఆ పాత్రల నీడలో పెరిగిన మూసకు వారు కారణమైనట్లు కనబడినను, తమ నటవైవిధ్యముచే దానికి ప్రతివాదమును వారే చేసిపోయిరి. దోషము ఒక సీమకు దుష్టులను ఇచ్చి సజ్జనులను ఈయని కథలది.

పరిశోధక విద్యార్థులకు ఇందు చేయవలసిన పని యెంతో గలదు. ఏ దశాబ్దమున ఏ మండలపు పలుకు ఏ పాత్రలకు దక్కినదో చిత్రసంభాషణల నుండి సేకరించి వర్గీకరింపవలెను. తెరపై ‘తెలంగాణ యాస’యని చెలామణి యగుదానిని కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి తావుల నిజభాషతో పోల్చవలెను. కర్షక పదములను, చేనేత పదములను సేకరించిన మాండలిక వృత్తి పదకోశములు మనకు దారి చూపుచున్నవి. ఆ పని జరిగినప్పుడు ‘బిడ్డా’ యను పదమునకు నిఘంటువున రెండర్థములును వరుసగా వ్రాయబడును: మొదట లాలన, పిదప గద్దింపు. తెర ఆ వరుసను తారుమారు చేసినది; దానిని సరిదిద్దుట మన పని.